రాసింది మా చెల్లెలు

గిద్దలూరు పాత బస్టాండుకు దగ్గరలో, ఒక మందుల దుకాణం మీది మేడలో కృష్ణకుమారి డీటీపీ సెంటరు ఉంది. పెళ్ళి కార్డులు, పొలం కాగితాలు, బడి ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ నాలాంటి రిటైరైన తెలుగు మాస్టర్ల పుస్తకాలు అక్కడ టైపవుతాయి. నా పుస్తకాలు రెండూ ఆమే చేసింది. ఎడమచేత్తో ఎర్రపెన్ను పట్టుకుని ప్రూఫులు దిద్దుతుంది. నేను వదిలేసిన తప్పులు కూడా పట్టుకుంటుంది. పన్నెండేళ్ళ పరిచయంలో ఆమె పుట్టింటి గురించి మాట్లాడగా నేను వినలేదు. ఊరు మార్కాపురమని, పలకల వ్యాపారమని మాత్రం తెలుసు. ఒక అన్న ఉండేవాడని ఆయన పోయాకనే తెలిసింది. ఆ రోజు సెంటరు మూసి వెళ్ళింది, మర్నాడు పొద్దున మామూలుగా వచ్చి కూర్చుంది. పలకరిద్దామని వెళితే, "కూర్చోండి మాస్టారూ, మీ మూడో చాప్టరు అయిపోయింది" అంది.

ఈ సంగతులన్నీ ఆమె నాకు పోయిన ఏడాది చెప్పింది. ఒక్కసారిగా కాదు. కొంత చెప్పేది, ఎవరో జిరాక్సుకు వస్తే ఆగేది, మళ్ళీ పది రోజులకు మిగతాది చెప్పేది.

వాళ్ళ నాయన ఉమామహేశ్వర్లుకు మార్కాపురంలో చిన్న కార్ఖానా ఉండేది. గనుల నుంచి వచ్చిన రాతిబిళ్ళలను కోయించి, నునుపు చేయించి, చుట్టూ చెక్క బిగించి పలకలు అమ్మేవాడు. ఇంట్లో ఏ వస్తువు మీద వేలు పెట్టినా రాతిపొడి అంటేది. పిల్లలు ఇద్దరు. శరత్‌చంద్ర పెద్దవాడు, కృష్ణకుమారి నాలుగేళ్ళు చిన్నది. ఆమెకు ఐదేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటి నుంచి జడ వేయడం, అన్నం కలిపి పెట్టడం, బడిలో దించడం అన్నీ అన్న పనే.

ఆమెకు ఎడమచేతి వాటం. ఒకటో తరగతిలో అయ్యవారు ఆ చేతి మీద కొడితే ఏడుస్తూ ఇంటికి వచ్చింది. మర్నాడు శరత్‌చంద్ర ఆమెతో పాటు వెళ్ళి తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏ చేత్తో రాస్తే ఏంది సార్, అక్షరం సరిగ్గా ఉండాదా లేదా చూడండి" అన్నాడు. అప్పుడు వాడికి పదేళ్ళు. దెబ్బలు వాడికి పడ్డాయి. కానీ ఆ తర్వాత ఆమె చేతి జోలికి ఎవరూ రాలేదు.

శరత్‌చంద్ర హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాడు. 1988 ఎండాకాలంలో ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని రైలు దిగాడు. అందులో నోటుపుస్తకమంత కంప్యూటరు ఉంది. నల్లగా, రబ్బరు మీటలతో ఉంది. తనతో చదివినవాడు కొత్తది కొనుక్కుని పాతది ఇతనికి ఇచ్చాడట. దానికి సొంత తెర లేదు, ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాలి. ప్రోగ్రాములు దాచుకునే చోటు కూడా లేదు. అవి మామూలు పాటల కేసెట్లలో ఉండేవి. టేప్‌రికార్డరుకు తీగ తగిలించి కేసెట్ తిప్పితే ఐదు నిమిషాలు కీచుమంటూ అరిచేది, టీవీ అంచుల్లో గీతలు పరిగెత్తేవి, ఆ తర్వాత తెర మీద ఒక ఆట వచ్చేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి.

"ఏందిరా అది, పిల్లిని గోతంలో ఏసి కట్టినట్ల అరుస్తాండాది" అన్నాడు ఉమామహేశ్వర్లు.

శరత్‌చంద్రకు పెట్టె విప్పి లోపల చూడటం మీద ధ్యాస. కృష్ణకుమారికి దాంతో వచ్చిన పుస్తకం మీద. అప్పుడామె ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరబోతోంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని మూడు వారాల్లో చదివేసింది. ఒక సాయంత్రం తెర నిండా తన పేరు వచ్చేలా చేసి అన్నను పిలిచింది. ఆయన చాలాసేపు చూశాడు.

"ఇది నాకు రాదు కుమారీ" అన్నాడు. "నువ్వు రాయి. టేపు సంగతి నేను చూసుకుంటా."

ఆమె రాసిన పెద్ద ప్రోగ్రాముకు పెట్టుకున్న పేరు పలక. తెలుగు అక్షరాలు ఒకటొకటిగా టీవీ మీద వస్తాయి. అయితే ముద్ర గుద్దినట్టు ఒక్కసారిగా పడవు. బలపం కదిలినట్టు ఒక చుక్క మొదలై, వంపులు తిరిగి, తలకట్టు పెట్టి ఆగుతుంది. "చెయ్యి యాడ మొదలుపెట్టాల్నో, యాడ ఆపాల్నో పిల్లోళ్ళకు కనపడాల గదన్నా" అనేదట. గ్రాఫ్ కాగితాల మీద తన చేత్తో అక్షరం రాసుకుని, అది పోయిన దారిలో పాతిక ముప్పై చుక్కలు గుర్తు పెట్టుకుని, ఒక్కో చుక్కకు రెండేసి అంకెల చొప్పున టైపు చేసేది. ప్రతి అక్షరం అవ్వగానే కేసెట్లోకి ఎక్కించాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు అంతా పోతుంది. ఆ ఎక్కించే పని శరత్‌చంద్రది. చిన్న స్క్రూడ్రైవరుతో టేప్‌రికార్డరు హెడ్‌ను అటూ ఇటూ తిప్పుతూ, అరుపు వింటూనే ఎక్కిందో లేదో చెప్పేవాడు. యాభై ఆరు అక్షరాలకు ఏడు నెలలు పట్టింది.

అంతా అయిన రోజు వాళ్ళ నాయన కార్ఖానా నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే స్టూలు మీద కూర్చుని చూశాడు. టీవీలో అ రాసుకుంది, ఆ రాసుకుంది. "బలపం లేకుండానే రాస్తాండాదే. ఇంక మన పలకలు ఎవురు కొంటారు" అని నవ్వాడు. కాసేపటికి, "ఇంగోసారి పెట్టుమ్మా" అన్నాడు.

1989 నవంబరులో ఒంగోలులో విజ్ఞాన ప్రదర్శన జరిగింది. అక్కడ పలక పెట్టడానికి శరత్‌చంద్ర అన్నీ మాట్లాడుకుని వచ్చాడు. ఆడపిల్లను మూడు రోజులు వేరే ఊళ్ళో ఉంచనని నాయన పట్టుబట్టాడు. అన్న ఒక్కడే వెళ్ళాడు. మూడో రోజు ఒక పేపరులో ఫొటో వచ్చింది. టీవీ పక్కన శరత్‌చంద్ర నిలబడి ఉన్నాడు. కింద, తాను తయారుచేసిన కంప్యూటర్ పలకతో మార్కాపురం యువకుడు, అని ఉంది. కృష్ణకుమారి ఆ ఫొటో కింది నాలుగు వాక్యాలను ఎన్నిసార్లు చదివినా తన పేరు కనపడలేదు.

ఆయన తిరిగొచ్చినప్పుడు ఆమె అడిగింది. "నా పేరు చెప్పలేదా అన్నా?"

"చెప్పినా. ఒకసారి కాదు, వచ్చినోళ్ళందరికీ చెప్పినా. వాళ్ళు రాసుకోలేదు."

"నీ పేరు ఎట్ల రాసుకున్నారు మరి?"

ఇంతలో వీధిలో వాళ్ళు పేపరు పట్టుకుని వచ్చారు. ఆయన వాళ్ళతో కూడా, చెల్లెలు రాసిందనే చెప్పాడు. "చెల్లెలంటే ఎంత ప్రేమ చూడు, పేరు కూడా ఆమెకే ఇస్తాండాడు" అని వాళ్ళు నవ్వారు.

"వాళ్ళు నవ్వితే ఆయన కూడా నవ్వినాడు మాస్టారూ" అంది కృష్ణకుమారి నాతో. "నేను వాకిట్లో నిలబడి చూసినా. ఎందుకు నవ్వినాడో ఇప్పుడు తెలుస్తాంది. ఏం చెయ్యాల్నో తెలీక నవ్వినాడు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఆ నవ్వుకే ఒళ్ళు మండింది."

ఆమె ఇంట్లో ఉన్న మూడు కేసెట్లు తీసి, వాటి మీద రేడియోలో వచ్చే పాటలు ఎక్కించేసింది. గ్రాఫ్ కాగితాలను నీళ్ళపొయ్యిలో పెట్టింది. శరత్‌చంద్ర వచ్చేసరికి చివరి కట్ట కాలుతోంది. ఆయన పొయ్యి ముందు నిలబడి చూసి, లోపలికి వెళ్ళి పడుకున్నాడు. కోప్పడలేదు, బతిమాలలేదు. నెల తిరక్కుండా కంప్యూటరును ఎవరికో ఇచ్చేశాడు. ఆ తర్వాత ఒకే ఇంట్లో నాలుగేళ్ళు ఉన్నారు, అవసరమైతే తప్ప మాట్లాడుకోలేదు.

1993లో ఆమెకు గిద్దలూరు హైస్కూల్లో గుమాస్తాగా ఉన్న రమణతో పెళ్ళైంది. ఆయన నెమ్మదస్తుడు. ఆమె ఇక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టింది, తర్వాత కంప్యూటర్లు వచ్చాక వాటిని తెచ్చింది. శరత్‌చంద్ర మార్కాపురంలో టీవీల రిపేరు దుకాణం పెట్టుకున్నాడు, కోటిరత్నాన్ని చేసుకున్నాడు. నాయన పోయాక రాకపోకలు ఇంకా తగ్గాయి. ఏ పెళ్ళిలోనో ఎదురుపడితే, "బాగుండావా కుమారీ" అనేవాడు. "ఆఁ" అనేది. ముప్పై ఏళ్ళలో అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకున్న మాటలన్నీ కలిపితే ఒక పేజీ కావని ఆమే చెప్పింది. 2022 ఫిబ్రవరిలో ఆయన గుండెజబ్బుతో పోయాడు. ఆమె పోయి, సాయంత్రం దాకా ఉండి వచ్చింది. కన్నీళ్ళు రాలేదు.

ఈ మధ్య సెంటరుకు పని తగ్గింది. పెళ్ళి కార్డులు జనం ఫోన్లోనే చేసుకుంటున్నారు. తీరిక దొరికి ఆమె వీడియోలు చూడటం మొదలుపెట్టింది. పాత టైపు మిషన్ల చప్పుడు వినాలనిపించి వెతికితే, అక్కడి నుంచి పాత కంప్యూటర్ల వీడియోలు వచ్చాయి. ఎక్కడో పరాయి దేశంలో ఒక ముసలాయన వణుకుతున్న చేతులతో రబ్బరు మీటల కంప్యూటరును విప్పి తుడుస్తుంటాడు. మాట్లాడడు. దాన్ని చూసింది నలభై మంది. ఇంకొకాయన దిగువమెట్ట ఘాటులో రైలు సొరంగం దాటడాన్ని కిటికీలోంచి తీసి పెట్టాడు. దాన్ని చూసింది పదకొండు మంది. "నేను పన్నెండో దాన్ని మాస్టారూ" అని నాకు పంపేది. లక్షలమంది చూసినవి ఆమెకు పట్టవు. ఎవరూ చూడని వాటిలో మంచివి ఏరుకోవడం ఆమెకు ఒక సరదా అయింది. నేను ఆమెను అంత హుషారుగా ఎప్పుడూ చూడలేదు.

2024 జూలైలో ఒక మధ్యాహ్నం, అన్నం తిని డబ్బా మూసి, ఫోన్ తెరిచింది. కర్నూలులో బ్యాంకు ఉద్యోగి గోవర్ధన్ పెట్టిన వీడియో వచ్చింది. పద్నాలుగు నిమిషాలు, చూసినవాళ్ళు రెండు వందల పన్నెండు మంది, పెట్టి మూడేళ్ళు. పాత కంప్యూటర్లను బాగుచేయడం ఆయనకు సరదా. ఆదివారం సంతలో ఒక పెట్టెడు కేసెట్లు కొన్నానని, అన్నీ పాటలేననుకున్నానని, ఒకదాని మీద మాత్రం సిరాతో పలక అని రాసి ఉందని చెబుతూ దాన్ని కెమెరాకు చూపించాడు.

ఆ రాత ఎవరిదో ఆమెకు తెలుసు. ఫోన్ను బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

గోవర్ధన్ కేసెట్ తిప్పాడు. ముందు గరగర. తర్వాత ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడి గొంతు.

"హలో, హలో. ఇది పలక. ఈరోజు నవంబరు పదకొండు, ఎనభై తొమ్మిది. ఈ ప్రోగ్రాం రాసింది మా చెల్లెలు, బి. కృష్ణకుమారి, ఇంటర్ సెకండియర్, మార్కాపురం. నా పేరు శరత్‌చంద్ర. టేపు సరిగ్గా ఎక్కకపోతే తప్పు నాది, ప్రోగ్రాంది కాదు."

పదిహేడు సెకన్లు. ఆ తర్వాత కీచుమనే అరుపు మొదలైంది. ఒంగోలు వెళ్ళే ముందు, బళ్ళకు పంచడానికని స్నేహితుడి రేడియో దుకాణంలో శరత్‌చంద్ర ఐదు కేసెట్లలోకి నకళ్ళు తీశాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. వాటి మొదట్లో ఏం చెప్పాడో తెలియదు. ఫొటో పేపర్లో పడింది పదహారో తారీఖున. ఈ మాటలు అంతకు ఐదు రోజుల ముందువి.

తెర మీద అ రాసుకోవడం మొదలుపెట్టింది. గోవర్ధన్ నవ్వుతూ, "చూడండి, ఈ వంపు అటు వైపు నుంచి వస్తోంది, మనం ఇలా రాయం కదా. రాసినావిడది ఎడమచేతి వాటమేమో" అన్నాడు. చివర్లో, "ఈ కృష్ణకుమారి గారు ఎక్కడున్నారో ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అన్నాడు.

ఆమె వీడియోను పూర్తిగా చూసింది. మెట్లు దిగి ఇంటికి వెళ్ళింది. తాళం వెయ్యడం మర్చిపోయింది. రమణ ఏమైందని అడిగితే ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన చివరిదాకా చూసి, "రేపు మీ వదినె దగ్గరికి పోయిరా" అన్నాడు.

మర్నాడు కంభం మీదుగా పోయే బస్సెక్కి మార్కాపురంలో దిగింది. కోటిరత్నం ఇంటి ముందు గదిలో గాజులు, రిబ్బన్లు అమ్మే చిన్న దుకాణం నడుపుతోంది. ఆడబిడ్డను చూసి కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. కృష్ణకుమారి ఫోన్ తీసి, "వదినా, నీకొకటి వినిపించాల" అంది.

కోటిరత్నం ఆ ఫోన్ చేతిలోకి తీసుకోలేదు. తెర మీది బొమ్మను చూసి, "చూసినాలే" అంది.

"ఎప్పుడు?"

"మీ అన్న ఉన్నప్పుడే. దాన్ని చూసి చిన్నపిల్లోని మాదిరి దుకాణమంతా తిరిగినాడు. నీకు వెంటనే వాట్సాప్‌లో పంపినాడు. ఒక్క టిక్కే పడింది. సిగ్నల్ లేదేమో, రేపు పోతాదిలే అన్నాడు. మర్నాడూ ఒకటే. నువ్వు ఆయన నంబరు బ్లాకు చేసినావని మా సింధు చూసి చెప్పింది."

సింధు వాళ్ళ కూతురు. కృష్ణకుమారికి అప్పుడు గుర్తొచ్చింది. 2019లో అన్న పొద్దున్నే పూల బొమ్మలతో శుభోదయం అని పంపేవాడు. ఒక రోజు చిరాకు పుట్టి బ్లాకు చేసింది. చేసిన సంగతి కూడా మర్చిపోయింది.

"నువ్వైనా చెప్పుండొచ్చు గదా వదినా."

"ఫోన్ చేయలేదా? జనవరిలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా ఫోన్ నుంచే ఆయన చేసినాడు, రెండుసార్లు. నువ్వు ఎత్తలే."

ఎత్తలేదు. ఆ రెండు కాల్స్ వచ్చినప్పుడు వదిన పేరు కనపడింది. ఏదో శుభకార్యానికి పిలుపనుకుని ఫోన్ను బోర్లా పెట్టేసింది. మార్కాపురం నుంచి ఎవరు చేసినా అంతే చేసేది.

"అప్పుడే, మా పెళ్ళిళ్ళు కాకముందే, ఒక కేసెట్ తెచ్చి నాకు వినిపించుంటే పోయేది గదా" అంది కృష్ణకుమారి.

"నేనూ అదే అడిగినా. నా చెల్లెలికి నేను సాక్ష్యం తెచ్చి చూపాల్నా అన్నాడు. నా మాట చాలదా అన్నాడు."

కోటిరత్నం లోపలికి వెళ్ళి భర్త ఫోన్ తెచ్చింది. దాన్ని ఇంకా చార్జింగు పెడుతూనే ఉంది. అందులో చెల్లెలి పేరు మీద ఆయన పంపిన సందేశాలున్నాయి. బ్లాకు చేసిందని తెలిసిన తర్వాత కూడా పంపాడు. అన్నిటికీ ఒక్క టిక్కే.

కుమారీ, మన పలక దొరికింది చూడు.

ఢ దగ్గర వత్తు కొంచెం వంకరగా పోతాంది. ఒక అంకె తప్పు పడింది. అప్పుడే కనిపెట్టినా. చెప్తే అంతా మళ్ళీ మొదలుపెడతావని చెప్పలేదు.

కర్నూలాయనకు నీ సంగతి రాయమంటావా? నిన్ను అడక్కుండా రాయను.

నాయన ఉంటే ఇంగోసారి పెట్టుమ్మా అనేవాడు.

ఆసుపత్రి నుంచి పంపిన చివరిదానిలో, ఈరోజు కొంచెం మేలు, అని మాత్రమే ఉంది.

ఆమె అక్కడే, దుకాణంలో నేల మీద కూర్చుని ఏడ్చింది. గాజుల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. కోటిరత్నం వాళ్ళను తర్వాత రమ్మని పంపేసి, తలుపు దగ్గరగా వేసి, తనూ పక్కన కూర్చుంది. చెయ్యి మాత్రం వెయ్యలేదు.

తర్వాత కృష్ణకుమారి తన ఫోన్ నంబరుతో గోవర్ధన్‌కు మెయిల్ రాసింది. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. కేసెట్ ఇస్తారా అని ఆమె అడిగింది. వీడియో తీసిన నెలకే మళ్ళీ తిప్పబోతే టేపు చక్రానికి అతుక్కుని తెగిపోయిందని, పైపూత పొడిగా రాలిపోయిందని చెప్పాడు. ఎన్నోసార్లు క్షమాపణ అడిగాడు. ఇద్దరం కలిసి కొత్త వీడియో చేద్దాం రండి అన్నాడు. "మా అన్న లేకుండా నేనేం చెప్పాల సార్" అని ఆమె ఒప్పుకోలేదు. ఆయన ఆ పదిహేడు సెకన్లను గరగర తీసేసి విడిగా పంపాడు.

దాన్ని కోటిరత్నానికి ఇవ్వబోతే ఆమె వద్దంది. "ఆ గొంతు నాకు తెలీదు కుమారీ. నేను ఈ ఇంటికి వచ్చేతలికే ఆయన అట్ల మాట్లాడటం మానేసినాడు. ఆ మనిషిని నువ్వే చూసినావు."

ఇవన్నీ రాసుకుంటానని నేను అడిగినప్పుడు కృష్ణకుమారి కాదనలేదు. "ఫోన్ ఎత్తలేదని కూడా రాయండి" అంది. ఇప్పుడామె వీడియోలు చూడటం మానేసింది. నెలకోసారి, రెండో ఆదివారం, మార్కాపురం వెళ్ళి వస్తుంది. వదినా ఆడబిడ్డలు రిబ్బన్లు చుడుతూ, గాజులు సర్దుతూ పొద్దుపుచ్చుతారు. రావద్దని కోటిరత్నం అనదు, మళ్ళీ రమ్మనీ అనదు.

మొన్నటిసారి ఉండబట్టలేక కృష్ణకుమారి అడిగింది. "వదినా, నన్ను ఒక్క మాటైనా అనరాదా? తిట్టు. నేను పడతా."

కోటిరత్నం చేతిలోని గాజుల డజనుకు దారం ముడేసి పక్కన పెట్టింది.

"అంటే నీకు బరువు దిగుతాది. అందుకే అనను" అంది. అని, పొద్దెక్కింది అన్నం తిందువు రా అంటూ లేచిందట.